బ్రష్షుకు రక్తం అంటితే: పళ్లు ఊడేది వయసు వల్ల కాదు

జొన్నగిరి పేరు ఏటా తొలకరికి పేపర్లలో వస్తుంది. నాలుగు చినుకులు పడగానే తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతుంటారు. ఎవరికో రాయి దొరికిందనీ, వ్యాపారి ఇంత ఇచ్చాడనీ వార్త. ఈ మధ్య బంగారు గని కబుర్లూ తోడయ్యాయి. పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి కాబట్టి చరిత్ర చదివేవాళ్లకూ ఈ ప్రాంతం తెలుసు. ఇదే నేల మీద ఏళ్ల తరబడి కూలి చేసి, 40 దాటేసరికి ముందు పళ్లు కదిలిపోయి, జొన్నరొట్టెను నీళ్లలో నానబెట్టుకుని మింగే మనిషి గురించి మాత్రం ఎక్కడా రాదు. అది వార్త కాదు, ‘వయసు’.

నిజానికి వయసు పెరిగితే పళ్లు ఊడాలన్న నియమం శరీరంలో ఎక్కడా లేదు. పిప్పి పట్టకుండా, పైకి గట్టిగా కనిపించే పన్ను కూడా ఒకరోజు వేరుతో సహా ఊడి చేతిలోకి వచ్చిందంటే, అది చాలావరకు చిగుళ్ల జబ్బు చేసిన పని. పన్ను బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న నేల పోతుంది. వాగు పక్క చెట్టు ఎండకుండానే కూలినట్టు. ఈ జబ్బును మొదటి దశలో ఇంట్లోనే, 20 రూపాయల బ్రష్షుతో, పూర్తిగా వెనక్కి తిప్పవచ్చు. రెండో దశకు పోయాక కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు, అక్కడితో ఆపడమే కుదురుతుంది. మొదటి దశలో శరీరం ఇచ్చే హెచ్చరిక దాదాపు ఒకటే: రక్తం. ఆ రక్తాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేవాళ్లు లేకపోవడం, అర్థమైనా చూపించుకునే చోటు దగ్గర్లో లేకపోవడం. ఈ రెండింటి మధ్యనే మన గేరీల్లో పళ్లు పోతున్నాయి.

పాచి, గార, ఆ తర్వాత

తెల్లారి లేవగానే పళ్ల మీద నాలుక ఆడిస్తే జిగటగా తగిలేదే పాచి. అది నిన్న తిన్న తిండి కాదు. నోట్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు పంటిని పట్టుకుని, తమ చుట్టూ జిగురు అల్లుకుని కట్టుకున్న పొర. నీళ్లు పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే పోతుంది. రోజూ రుద్దితే రోజూ పోతుంది. రుద్దని చోట కొద్ది రోజుల్లోనే ఉమ్మిలోని సున్నం లాంటి ఖనిజాలు దానిలో చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. గార గట్టిపడ్డాక ఏ బ్రష్షుకూ, ఏ పుల్లకూ, ఏ పొడికీ లొంగదు. అద్దం ముందు కింది పెదవి దించి, కింది ముందు పళ్ల లోపలి వైపు చూసుకోండి. ఉమ్మి ఊరే గ్రంథుల నోళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి గార మొదట అక్కడ పడుతుంది. పై దవడలో పెద్ద పళ్ల బయటి వైపు, చెంప ఆనుకునే చోట, ఇంకో స్థావరం.

పాచి చిగురు అంచున కూర్చుంటే శరీరం ఊరుకోదు. ఆ చోటికి రక్తాన్ని, రక్షణ కణాలను పంపుతుంది. చిగురు లేత గులాబీ రంగు నుంచి ఎరుపుకు మారి ఉబ్బుతుంది. మన చిగుళ్లలో సహజంగానే నల్ల వన్నె ఉంటుంది. అది జబ్బు కాదు. అందుకే రంగు కంటే వాపును, రక్తాన్ని గమనించడం మేలు. ఉబ్బిన చిగురుకు బ్రష్షు తగలగానే రక్తం వస్తుంది. ‘బ్రష్షు గీసుకుంది’ అనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తటి బ్రష్షు తగిలినంత మాత్రాన కారదు. రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేస్తే అక్కడ పాచి మరింత పేరుకుంటుంది, రక్తం మరింత వస్తుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా ఎదురు. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్షుతో, ఓపికగా, రోజూ రుద్దాలి.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త బృందం దీన్ని చాలా సాదాగా రుజువు చేసింది. చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోమడం ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమమన్నారు. కొద్ది రోజుల్లోనే అందరివీ మామూలయ్యాయి. మందు లేదు, మాత్ర లేదు. చిగుళ్ల వాపుకు కారణం పాచి అనీ, దాన్ని తీసేస్తే వాపు పోతుందనీ తేల్చిన ప్రయోగం ఇది.

వాపును ఏళ్ల తరబడి వదిలేస్తే కథ మారుతుంది. పంటికీ చిగురుకూ మధ్య మామూలుగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. జబ్బు లోపలికి దిగే కొద్దీ ఆ సందు నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల సంచిగా మారుతుంది. బ్రష్షు వెంట్రుక అంత లోతుకు చేరదు. లోపల సూక్ష్మజీవులకు గాలి తగలని చీకటి ఇల్లు దొరికినట్టే. వాటితో శరీరం చేసే పోరులో పంటిని పట్టి ఉంచే నారలు, దవడ ఎముక కరిగిపోతాయి. చిత్రమేమంటే, ఎముకను కరిగించేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, ఆరిపోని మన మంట కూడా. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. పిప్పి పన్ను రాత్రి నిద్ర పట్టనీయదు కాబట్టి ఎలాగోలా డాక్టరు దాకా తీసుకుపోతుంది. చిగుళ్ల జబ్బు పీకించుకునే రోజు దాకా తన పేరు కూడా చెప్పదు. పళ్ల మధ్య సందులు పెరగడం, ముందు పళ్లు బయటికి తోసుకురావడం, చిగురు దిగి పన్ను పొడవుగా కనిపించడం, నోటి వాసన, నొక్కితే చీము, చివరికి కదలడం. ఇవీ దాని జాడలు.

ఆ వాసన గురించి ఒక మాట. చిగుళ్ల సంచుల్లో ఉండే సూక్ష్మజీవులు గంధకం కలిసిన వాయువులు వదులుతాయి. వాసన వాటిదే. కులం ఉన్న సమాజంలో మాత్రం వాసన జబ్బు లక్షణంగా మిగలదు, మనిషి పుట్టుకకు అంటగట్టే తిట్టు అవుతుంది. బడిలో పక్కన కూర్చోనివ్వకపోవడానికి, ఆఫీసులో దూరం జరగడానికి అది సాకు అవుతుంది. తిట్టు తిన్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంటారు, డాక్టరు ముందు నోరు తెరవడానికి కూడా సిగ్గుపడతారు.

తేయాకు తోటల కూలీలు

చిగుళ్ల జబ్బును వైద్యం లేకుండా వదిలేస్తే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది కూలీల నోళ్ల నుంచే. అదే హరాల్డ్ లోయె బృందం 1969లో నార్వేలోని ఓస్లోలో చదువుకున్న మగవాళ్లను, 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలను పరిశీలించడం మొదలుపెట్టింది. ఓస్లో వాళ్లకు చిన్నప్పటి నుంచి దంత వైద్యం అందింది. తోట కూలీలకు అసలు అందలేదు, బ్రష్షు అలవాటూ లేదు. వారిని ఎంచుకున్నది అందుకే. 15 ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచి, 1986లో ఫలితాలు ప్రచురించారు.

దంత వైద్య విద్యార్థులు నేటికీ ఆ అంకెలు చదువుతారు. కూలీల్లో దాదాపు 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరింది. 81 శాతం మందికి మధ్యస్థంగా. 11 శాతం మందికి చిగుళ్లు వాచి ఉన్నా ఎముక దాకా పోలేదు. వేగంగా ముదిరినవాళ్లలో 45 ఏళ్లకు పంటి పట్టు సగటున 13 మిల్లీమీటర్లు పోయింది. చాలా పళ్ల వేరు పొడవే దాదాపు అంత ఉంటుంది. అంటే పన్ను నిలబడటానికి ఏమీ మిగల్లేదన్నమాట.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవాలి. వైద్యం చెప్పే సంగతి: పాచి అందరికీ ఒకే వేగంతో హాని చేయదు, ఒంటి తత్వం బట్టి కొందరికి ముప్పు ఎక్కువ. అందుకే ‘మా తాత ఎప్పుడూ తోమలేదు, 80 ఏళ్లకూ చెరుకు నమిలాడు’ అనే మాట అబద్ధం కాకపోవచ్చు. ఆయన ఆ 11 శాతంలోని మనిషి. ఆయన్ని చూసి మిగతా 89 మంది తోమడం మానేయకూడదు.

పాఠ్యపుస్తకం అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. శ్రీలంక తోటల కూలి జనం ఎవరు? 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ తమిళ జిల్లాల నుంచి కంగాణీలు ముఠాలుగా కట్టి తీసుకుపోయిన వాళ్ల సంతతి. వారిలో పెద్ద భాగం పరయ, పళ్ల, చక్కిలియ కులాలు. తరతరాలుగా దంత వైద్యుడి మొహం చూడని జనం ఒకచోట ఉండటం సైన్సుకు ‘సహజ స్థితి’గా దొరికింది. అది సహజం కాదు. కులం, తోట యాజమాన్యం, రాజ్యం కలిసి తయారు చేసిన స్థితి. కంగాణీ స్థానంలో మేస్త్రీని పెట్టి చూస్తే అది పడమటి కర్నూలుకు అంత దూరమేమీ కాదు.

సుగ్గికి పోయే నోళ్లు

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు ఊళ్లలో వాన మొహం చాటేస్తే దసరా, దీపావళి నాటి నుంచే బొలేరోలు, లారీలు కదులుతాయి. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదు. సుగ్గికి పోయేవాళ్లలో దళితులు, బోయలు, ఇంకా భూమి లేని, బోరు లేని కులాలన్నీ ఉంటాయి. గుడారంలో బతుకు. చీకటితో లేచి వంట, తెల్లవారకముందే చేను. తాగే నీళ్లు దూరం నుంచి బిందెలతో మోసుకురావాలి. రాత్రి ఒళ్లు వాలిస్తే చాలు. ‘రోజూ రెండుసార్లు, రెండు నిమిషాలు తోముకోవాలి’ అనే సలహా ఇక్కడికి వచ్చేసరికి ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

సలహా తప్పు కాదు. అది నీళ్ల కుళాయి, అద్దం, తీరిక ఉన్న ఇంటి కోసం రాసిన సలహా, అంతే. గుడారంలో కుదిరే రూపం చెప్పుకుందాం. రోజుకు ఒక్కసారే వీలైతే అది పడుకునే ముందు పెట్టుకోండి. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, పాచికి అడ్డు తగ్గుతుంది. నీళ్లు ఒక గ్లాసు చాలు. పేస్టు నురగ చిగుళ్లను కాపాడదు, వెంట్రుకల రాపిడి కాపాడుతుంది. పేస్టు అయిపోయిన రోజు ఉత్త బ్రష్షుతో తోమినా చిగుళ్లకు మేలే. ఫ్లోరైడ్ పేస్టు ఉంటే పిప్పి రాకుండా అదనపు రక్ష. బ్రష్షు మెత్తదే కొనాలి. గట్టి బ్రష్షుతో బలంగా రుద్దితే చిగురు దిగి, పంటి మొదలు అరిగి జివ్వుమంటుంది. వెంట్రుకలను చిగురు అంచు వైపు కాస్త ఏటవాలుగా ఆనించి చిన్నచిన్నగా కదిలించాలి. అడ్డంగా కోసినట్టు రుద్దకూడదు. బయటి వైపుతో పాటు లోపలి వైపు, అంటే నాలుక వైపు, తప్పకుండా. చాలామంది అక్కడికి బ్రష్షే పోనివ్వరు. వెంట్రుకలు పువ్వులా విచ్చుకుంటే బ్రష్షు మార్చాల్సిందే. ఒక బ్రష్షును ఇంటిల్లిపాదీ వాడకూడదు. పళ్ల మధ్య సందులు ఉన్నవాళ్లకు మందుల షాపులో సందు బ్రష్షులు దొరుకుతాయి. చిన్న సీసా బుడ్డి కడిగే బ్రష్షులా ఉంటాయి, కడుక్కుని చాలా రోజులు వాడొచ్చు.

వేప పుల్ల, కానుగ పుల్ల చెడ్డవేమీ కాదు. కొనను బాగా నమిలి కుంచెలా చేసి, ఓపికగా వాడితే పాచి పోతుంది. ఇబ్బంది ఏమిటంటే పుల్లతో ముందు పళ్ల బయటి వైపు మాత్రమే శుభ్రమవుతుంది, దవడ పళ్ల లోపలి వైపు మిగిలిపోతుంది. పుల్ల వాడినా రాత్రికి బ్రష్షు ఉండాలి. బొగ్గు, ఇటుక పొడి, ఇసుక, బూడిద మాత్రం వద్దు. అవి పాచితో పాటు పన్నునూ అరగదీస్తాయి.

పొగాకు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. సుగ్గి పనుల్లో ఆకువక్కలో పొగాకు, నశ్యం, గుట్కా, బీడీ ఎందుకు ఇంత తిరుగుతాయి? నికోటిన్ ఆకలిని చంపుతుంది. పంటి నొప్పిని కాసేపు మరిపిస్తుంది. మధ్యాహ్నం దాకా తిండి లేకుండా వంగి పని చేసే ఒంటికి అదే ఆసరా. ఇది తెలియకుండా ‘చెడు అలవాటు’ అని కొట్టిపారేసేవాళ్లు కూలీ ఒంటి గురించి ఏమీ తెలుసుకోలేదనే అర్థం. కానీ ఆ ఆసరాకు కట్టే ధర చాలా పెద్దది. పొగ తాగేవాళ్లలో చిగుళ్లలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపల జబ్బు ముదురుతున్నా రక్తం కనిపించదు. అంటే ఉన్న ఒక్క హెచ్చరికా మూగబోతుంది. దవడలో పొగాకు పెట్టుకునే చోట చిగురు కిందికి జారిపోతుంది. వక్క వల్ల నోటి లోపలి చర్మం బిగుసుకుని నోరు తెరుచుకోదు. ఈ రెండూ నోటి క్యాన్సర్‌కు దారులు. పొగాకు కలిపిన పళ్లపొడి, పేస్టు అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. చిగుళ్లకు నశ్యం రుద్దుకునే అలవాటు మాత్రం ఆ నిషేధం కంటే పాతది, ఇంకా పోలేదు.

షుగరు, కాన్పు, బీపీ మాత్ర

నోరు ఒంటి నుంచి విడిగా ఉన్న అవయవం కాదు. షుగరు అదుపులో లేనివాళ్లకు చిగుళ్ల జబ్బు ఎక్కువగా, త్వరగా వస్తుంది. తిరిగి, చిగుళ్లలో రాజుకుంటున్న మంట షుగరును అదుపులోకి రానివ్వదు. షుగరున్న వాళ్లకు చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నెలల సగటు షుగరు పరీక్షలో దాదాపు 0.4 శాతం తగ్గుదల కనిపించిందని 2022లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. చిన్న అంకెలా ఉంటుంది గానీ, ఒక అదనపు మాత్ర చేసే పనికి అది అంత తక్కువేమీ కాదు. షుగరు మాత్రలు తెచ్చుకునే ప్రతి మనిషినీ ‘చిగుళ్ల నుంచి రక్తం వస్తుందా?’ అని అడగడానికి ఇది చాలదా?

గర్భిణులకు హార్మోన్ల మార్పు వల్ల కొద్ది పాచికే చిగుళ్లు బాగా ఉబ్బుతాయి. కడుపుతో ఉన్నప్పుడు పళ్లు ముట్టుకోకూడదని పెద్దవాళ్లు అంటారు. తోమాలి, అవసరమైతే క్లీనింగ్ కూడా చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అందుకు అనువైనది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ మాత్ర, మూర్ఛకు ఇచ్చే ఫెనిటోయిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేస్తాయి. అలా కనిపిస్తే మాత్ర సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి. మార్చడానికి వేరే మందులున్నాయి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ఈ భయం లేని ఊరు లేదు. భయానికి ఆధారం కూడా ఉంది. ఎముక కరిగి కదిలే పళ్లను చుట్టూ పేరుకున్న గార అతుకు వేసినట్టు పట్టి ఉంచుతుంది. గార తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది, గార నింపిన సందులు ఖాళీగా కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. నేరం గారది, నింద క్లీనింగుకు. గార పోయాక వాపు తగ్గి, చిగురు మళ్లీ పంటిని బిగించి పట్టుకుంటుంది. జబ్బు లోతుగా ఉంటే చిగురు కింద వేరు మీది గారనూ గీకాలి, ఇంకా ముదిరితే చిన్న ఆపరేషన్. చికిత్స అయ్యాక కూడా మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, ఎందుకంటే సంచి మళ్లీ నిండుతుంది. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్ర, యాంటీబయాటిక్ నాలుగు రోజులు వాపు తగ్గిస్తాయి. గార అక్కడే ఉంటుంది కాబట్టి వాపు తిరిగొస్తుంది. మాత్ర గారను కరిగించలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించడం హాయినిస్తుంది, అదీ గారను తీయదు. ఇక ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు వేరు: ముఖం వాచి జ్వరం రావడం, రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మూడు వేళ్లు నిలువుగా పెట్టేంత నోరు తెరుచుకోకపోవడం, తోమకపోయినా దానంతట అదే కారే రక్తం.

సుగ్గి క్యాలెండర్‌లో వైద్యానికి కుదిరే కాలం ఒకటుంది. ఉగాది చుట్టూ జనం ఊరు చేరినప్పటి నుంచి తొలకరి దాకా. పళ్ల డేరాలు, శిబిరాలు పెట్టదలచినవాళ్లు ఎవరైనా నవంబరులో వస్తే ఊళ్లో ముసలివాళ్లే కనిపిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో రావాలి. పిల్లలకు మరో దారి ఉంది. వలస వెళ్లిన వాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లు, ఎస్సీ సంక్షేమ హాస్టళ్లు. సబ్బు, నూనెతో పాటు మెత్తటి బ్రష్షు కూడా ఇచ్చి, రాత్రి అన్నం తర్వాత అందరూ కలిసి తోముకునే పద్ధతి పెడితే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. తెల్లారి తోమించడం చాలా హాస్టళ్లకు తెలుసు, రాత్రి తోమించడమే కొత్త.

నోట్లో వేలు పెట్టడం

దంత వైద్యం మిగతా వైద్యాల్లా కాదు. మందుల చీటీ దూరం నుంచి రాయొచ్చు, సూది కూడా చెయ్యి తగలకుండా వేసేవాళ్లున్నారు. పన్ను చూడాలంటే మాత్రం ఇంకొకరి నోట్లో వేలు పెట్టాలి, వాళ్ల ఉమ్మి చేతికి అంటాలి. కులం భయపడేది సరిగ్గా దీనికే. పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాళ్లు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో కుండ కట్టుకుని తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో గుర్తుచేశారు. వేరు గ్లాసు వెనకున్నదీ ఆ ఉమ్మి భయమే. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ ఊళ్లలో దళిత పిల్లలకు వైద్యం ఎలా అందుతోందో అధ్యయనం చేసినప్పుడు, ముట్టుకోవడానికి వెనకాడే ఆరోగ్య సిబ్బంది గురించి పిల్లలే చెప్పారు. చెయ్యి పట్టుకోవడానికే వెనకాడేవాళ్లు నోరు తెరిపించి చూస్తారా అన్నది న్యాయమైన ప్రశ్న.

అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో రానివ్వకపోవడం 1955 పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఆసుపత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లకుండా అడ్డుకోవడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. కానీ దంత వైద్యం దగ్గర అడ్డగింత ఇలా మొరటుగా ఉండదు. ‘మిషన్ పనిచేయడం లేదు’, ‘మరో రోజు రా’, ‘కదులుతోందిగా, పీకేద్దాం’. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి మూడోది తొందరగా తేలిపోయే పని. నిలబెట్టగలిగిన పళ్లు అలా కూడా పోతాయి. ఇందులో కులం ఎంత, రద్దీ ఎంత, పాడైన మిషను ఎంత అన్నది విడదీయడం కష్టం. ఊడిన పన్ను ఎవరిదన్నది మాత్రం కష్టం లేకుండా లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క కులాల వారీగా పెట్టాలి.

30 దాటిన వాళ్లకు బీపీ, షుగరుతో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలన్న కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. అంటే ఆరోగ్య కార్యకర్త నోరు తెరిపించి చూడాలన్న ఉత్తర్వు ఉన్నట్టే. అదే చూపులో చిగుళ్లనూ చూసి, రక్తం గురించి ఒక ప్రశ్న వేసి, ఆదోనికో పత్తికొండకో పంపే చీటీ రాయడానికి కొత్త పథకం అక్కర్లేదు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014 నుంచీ ఉంది. ఎస్సీల వాటా నిధులు ఎస్సీలకే ఖర్చు చేయాలన్న ఉప ప్రణాళిక చట్టం 2013 నాటిది. సీసీ రోడ్డును ఆ పద్దులో చూపించగలిగినప్పుడు, గేరీ దాకా వచ్చే ఒక దంత వైద్య వ్యాన్‌ను చూపించలేరా?

అడగడం మొదలుపెట్టాలనుకునే సంఘాలు సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టవచ్చు. మీ సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడి పోస్టు ఉందా, నిండిందా? పళ్ల కుర్చీ, గార తీసే మిషను ఉన్నాయా, పోయిన ఏడాది ఎన్ని రోజులు పనిచేశాయి? ఆ ఏడాదిలో ఎన్ని పళ్లు పీకారు, ఎంతమందికి క్లీనింగ్ చేశారు? వచ్చినవాళ్లలో ఎస్సీలెందరు? పీకిన పళ్ల సంఖ్యనూ క్లీనింగ్ సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కేంద్రం ఏం చేస్తోందో తెలిసిపోతుంది. తెల్ల రేషన్ కార్డు నకలు జత చేస్తే దరఖాస్తుకు ఫీజు ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.